ఆదిమూలం మామ కరెంటు లాకుల కారు

మా ఆదిమూలం మామకు ఎక్కడికి పోయినా వైరు కాలుతున్న వాసన వస్తుంది.

పెళ్ళి వంటశాలలో అప్పళాలు వేగుతుంటే వైరు వాసన. అదియమాన్‌కోట్టై గుడిలో సాంబ్రాణి వేస్తే వైరు వాసన. ఒకసారి పాలక్కోడు బస్సులో "దిగండప్పా, కాలతా ఉండాది!" అని అరిచి జనాన్నంతా రోడ్డు మీదికి దింపేశాడు. తీరా చూస్తే వెనక సీట్లో ఎవరో ముట్టించిన బీడీ.

ఇలాంటి మనిషి ఎక్కడెక్కడో వెతికి ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. చాలదన్నట్టు దాని తలుపులకు కరెంటు లాకులు పెట్టించాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర మీట నొక్కితే నాలుగు తలుపుల లాకులూ టక్కున పడాలి, మళ్ళీ నొక్కితే టక్కున లేవాలి. అవి మాత్రం బండి గుంతలో దిగితే పడేవి, హారన్ కొడితే లేచేవి, మీట నొక్కితే ఊరుకునేవి.

నాకు ధర్మపురి బస్టాండు దగ్గర బండ్ల కరెంటు పనులు చేసే షాపు ఉంది. సొంత మేనల్లుణ్ణి. అయినా ఆ వైరింగు మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

"మామా, ఒక పూట బండి నాకిడిచిపెట్టు. యాడ షార్టయితా ఉండాదో చూస్తాను."

"వద్దురా ధనా. వాసన ఏ మూల నించి వస్తా ఉందో నేనే కనిపెట్టాల."

"నువ్వు కనిపెట్టేలోపల బండి బూడిదైపోతుంది."

"అదే గదరా నా బయం!"

అందుకని ప్రతి గురువారం మహేంద్రమంగళం నుంచి ధర్మపురి దాకా 'టెస్టింగ్' పోయేవాడు. వెనక సీట్లో బరువు ఉంటేనే వాసన వస్తుందట. ఆ బరువు పక్కింటి రాజమ్మాళవ్వ. భర్త పోయి ఒంటరిగా ఉంటుంది. ఎవరింట్లోనూ ఊరికే గ్లాసు మజ్జిగ కూడా తాగని మనిషి. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది.

"ముసలామెని ఇసక మూట మాదిరి వాడుకుంటా ఉండావే, నీకు బుద్ధుందా?" అని సౌభాగ్యం అత్త తిట్టేది. మామ వినిపించుకోకుండా బానెట్లో ముక్కు పెట్టేవాడు.

మొన్న ఎండాకాలంలో ఒక గురువారం షాపుకు ఫోను వచ్చింది.

"ధనా! రాజమ్మాళక్క లోపల ఉండాది, నేను బయట ఉండాను! బండి తాళంచెవి గూడా లోపలే!"

"వాసన వస్తా ఉందా మామా?" అని వేళాకోళం చేశాను.

"లేదురా" అన్నాడు.

మామకు వాసన రావడం లేదంటే నాకు భయమేసింది. బైకు తీశాను.

పాలక్కోడు రోడ్డు పక్కన, నెత్తిన ఎండలో అంబాసిడర్ ఆగి ఉంది. వాసన చూద్దామని మామ దిగి బానెట్ ఎత్తగానే లాకులన్నీ పడిపోయాయట. అద్దాలు దించే పిడులు ఎప్పుడో ఊడిపోయాయి. అవ్వ ఎడంచేత్తో తలుపు లాకు పిన్ను లాగుతోంది, అది బిగుసుకుపోయింది. ఆమె మొహం చెమటతో తడిసి ఉంది. మామ తువ్వాలు తడిపి అద్దాల మీద పరుస్తాడు, రాయి ఎత్తుతాడు, గాజు ఆమె మీద పడుతుందేమోనని దించుతాడు.

"అక్కా, మొగం పక్కకి తిప్పుకో!"

"ముందు ఆ రాయి పారెయ్యప్పా. నీ చెయ్యి చూస్తేనే నాకు గుండె దడగా ఉంది!" అంది అవ్వ లోపలి నుంచి.

బానెట్ కింద చూస్తే లాకుల ఫ్యూజు మాడిపోయి ఉంది. కొత్తది వేశాను. టప్‌మని అదీ పోయింది. అంటే ఎక్కడో వైరు ఒరుసుకుని ఇనుముకు తగులుతోంది. ఎక్కువగా తెరిచి మూసేది డ్రైవరు తలుపు. దాని కీలు దగ్గరే అయ్యుండాలి. తలుపును ఎత్తిపడితే వైరు ఇనుముకు తగలకుండా ఉంటుంది.

"మామా, ఆ తలుపు పిడి పట్టుకుని పైకెత్తు. నేను చెప్పేదాకా విడవద్దు."

"షాకు కొడుతుందేమోరా!"

"కొట్టదు. ఎత్తు! అవ్వా, నీ చేతికర్రతో ఆ ఎర్ర మీట పొడువు."

మామ ఎత్తగానే ఇంకో ఫ్యూజు వేశాను. కర్ర గురి తప్పి హారన్ మీద పడింది. ఆ మోతకు మామ ఎగిరి తలుపు వదిలేశాడు. టప్.

"మామా, నా దగ్గర ఉండే ఆఖరి ఫ్యూజు ఇది. పోతే అద్దం పగలగొట్టాల్సిందే."

మామ కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుళ్ళందరినీ పిలుస్తూ తలుపును ఎత్తిపట్టాడు. నేను ఫ్యూజు వేశాను, అవ్వ కర్ర చాపింది. టక్! నాలుగు పిన్నులూ పైకి లేచాయి.

మామ ఆమెను దింపి, నీళ్ళు తాగించి, విసిరి, ఆమె "చాల్లేప్పా" అన్నాక రోడ్డు పక్క దుమ్ములో చతికిలబడ్డాడు.

కీలు దగ్గర రాగి బయటపడిన వైరు దొరికింది. తెంచి, కొత్త ముక్క కలిపి, రబ్బరు గొట్టం తొడిగాను.

"అయిపోయింది! ఇంక లాకులు వాటంతటవే పడవు, వాసనా రా..."

మామ నా నోరు మూసి, డిక్కీ వెనక్కి ఈడ్చుకుపోయాడు.

"అరవద్దురా! బండి బాగైందని తెలిస్తే అక్క వచ్చే వారం రాదు."

"యాడికి?"

"ఆస్పత్రికి. వారం వారం ఆ చేతికి వ్యాయామం చేపించాల. ఊరికే తీసుకపోతానంటే ఎక్కదు. ఒకరికి బారం కానంటుంది. అందుకే టెస్టింగ్ అన్నాను. ఆ చేత్తో పిన్ను లేపలేదని ఈ లాకులు పెట్టిస్తే, అవే ఇట్లా చేసినాయి. నీ చేతికిస్తే ఒక పూటలో బాగు చేసేస్తావు గదరా, పాపీ!"

నా షాపు మీద ఇంత నమ్మకం ఉన్నందుకే నన్ను దగ్గరికి రానివ్వలేదన్నమాట.

అవ్వ దగ్గరికి పోయి, వీలైనంత గంభీరంగా చెప్పాను. "ఇంకా కొంచం వాసన ఉండాదవ్వా. వచ్చే గురువారం గూడా నువ్వు కూర్చోవాల."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "నాయనా, నాకు పడిపోయింది చెయ్యి, ముక్కు గాదు. ఏ వాసనా లేదని మొదటి దినమే తెలుసు."

"మరి ఎందుకు వస్తా ఉండావు?"

"ఇంత బయస్తుణ్ణి ఒంటిగా ఎట్లా పంపించేది?"

తరువాతి గురువారం వైరు ఎలా ఉందో చూద్దామని పొద్దున్నే పోయాను. అవ్వ కర్ర పట్టుకుని దర్జాగా ముందు సీట్లో కూర్చుంది. వెనక మోకాళ్ళ నొప్పుల కన్నియమ్మ, కంటిపొర సెల్లమ్మాళ్ సర్దుకుంటున్నారు.

"నా ఒక్కదాని బరువు చాల్లేదు గదా ఆదిమూలం" అంది అవ్వ. "వీళ్ళకి గూడా ఆస్పత్రిలో పని ఉండాదంట. ఈ తూరి గట్టిగా టెస్టింగ్ చెయ్యి."

మామ తలుపులన్నీ ఒకటికి రెండుసార్లు మూసి చూసుకున్నాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి గుసగుసగా అడిగాడు.

"ఏరా ధనా, టైర్లు తట్టుకుంటాయంటావా?"