బోర్లించిన ఫోను

ఆదివారం మధ్యాహ్నం బియ్యం డబ్బా మూత మీద పెట్టిన ఫోను ఉన్నట్టుండి గరగరమంది. రేకు మీద ఫోను అదిరే ఆ మోత వింటే ఇప్పటికీ నేను నిటారుగా కూర్చుంటాను. మా బళ్ళో కృపావతి టీచర్ బల్ల మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. పిల్లల దగ్గర లాక్కున్న ఫోన్లన్నీ అందులో పడేసేవారు. పాఠం మధ్యలో లోపల ఏదో ఒకటి అదిరితే, దానితో పాటు మిగతావన్నీ గలగలలాడేవి. "ఎవడి అమ్మ చేస్తందో పాపం. బెల్లు కొట్టేక మాటాడుకో" అని, పాఠం ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే అందుకునేవారు.

ఫోను తీసి చూస్తే మా పాత విద్యార్థుల గ్రూపు. టీచర్ పోయి నెల కూడా కాలేదు. "మన కృప టీచర్ చివరి వీడియో, హాస్పిటల్లో" అని ఎవరో పెట్టారు. మసకమసకగా తెల్లటి మంచం, దాని మీద ఒక ఆకారం, మధ్యలో కిందికి చూపే బాణం గుర్తు. నొక్కితే చాలు, ఆ ముఖం తేటపడుతుంది, ఆ గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు కోసం నేను మొహం వాచి ఉన్నాను. అయినా వేలు ముందుకు వెళ్ళలేదు.

మేం చదివింది చోడవరంలో ఒక ఇంగ్లీషు మీడియం బడి. ఆవిడ కంప్యూటర్లు చెప్పేవారు. చర్చికి దగ్గర్లో అద్దె వాటాలో ఒక్కరే ఉండేవారు. మెత్తని మనిషి అని ఎవరైనా అంటే నమ్మకండి. నోరు పెద్దది. ఊరి కబుర్లు కావాలంటే స్టాఫ్ రూములో ఆవిడ పక్కన కూర్చుంటే సరిపోయేది. "నోటి మాట గాల్లో కలిసిపోతాదే. ఫోన్లో పడిందా, మనం పోయినా అది పోదు" అని తన కబుర్లకి తానే సమర్థన చెప్పుకునేవారు. నెట్ అప్పుడప్పుడే చవకగా దొరుకుతున్న రోజులవి. బడివాళ్ళు ఫోన్ల గురించి ఇంగ్లీషులో నిబంధనల కాగితం అచ్చు వేయించి నోటీసు బోర్డుకి అంటించారు. చదివిన నాథుడు లేడు. టీచర్ మాత్రం తన ల్యాబు గోడ మీద తెలుగులో ఒకే మాట రాశారు: "అడిగేవా?" ఎవరి ఫొటో తీసినా, ఎవరి మాట ఇంకొకరికి పంపినా, ముందు ఆ మనిషిని అడిగావా అని. దాన్ని "అడిగావా" అని దిద్దమని ప్రిన్సిపాల్ గారంటే, "మా పిల్లలకి ఇలాగైతేనే వినపడతాది సార్" అన్నారట.

నేను రావికమతం వైపు పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఓ పొద్దున ప్రార్థన దగ్గర వార్తలు చదవడం నా వంతు వచ్చింది. అద్దం ముందు ఎన్నిసార్లు చదువుకున్నానో. తీరా మైకు ముందు నిలబడేసరికి "సోడవరం మండలంలో" అనేశాను. మా ఇళ్ళల్లో అందరూ అనేది అదే. ఆ రోజు నవ్విన వాళ్ళ నానమ్మలూ అదే అంటారు. కానీ మైకులోంచి వినపడేసరికి అది నా ఒక్కదాని తప్పయిపోయింది. ఎవరో చాటుగా వీడియో తీశారు. నా మాట వెనకాల సోడా కొట్టినప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు అతికించి క్లాసు గ్రూపులో తిప్పారు. మర్నాటికి నా పేరు సోడా.

నవ్వేవాళ్ళని తప్పించుకు తిరగొచ్చు. జాలిగా చూసేవాళ్ళతోనే కష్టం, వాళ్ళూ చూసినవాళ్ళే కదా. ఆటోలో పక్కనున్న అమ్మాయి పలకరిస్తే, ముందు ఆ వీడియోని చూసి, ఆ తర్వాత నన్ను చూస్తున్నట్టుండేది. నేను మాట్లాడడం మానేశాను. హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. అమ్మతో చెప్పుకుందామంటే, అమ్మ కూడా "సోడవరం బడి" అనేదే. ఆమెకేమని చెప్పను?

ఆ వారంలోనే లెక్కల మాస్టారు ఒక ఫోను పట్టుకుని ల్యాబులోకి వచ్చారు. నేను వెనక వరసలో ఉన్నాను. "మేడమ్, ఒకసారి ఇది చూడండి. చూస్తేనే కదా ఎవరు చేసేరో తెలిసేది" అన్నారు. టీచర్ ఫోను అందుకుని, తెర కిందికి ఉండేలా బల్ల మీద బోర్లించేశారు.

"ఆ గుంటని అడిగేరా మాస్టారూ?"

"పిల్లదాన్ని అడిగేదేటండీ, మనం పెద్దాళ్ళం కదా."

"పెద్దాళ్ళమైతే మరీ అడగాల."

మర్నాడు అందరినీ ఫోన్లు తెచ్చుకోమని, నిబంధనల కాగితాన్ని పక్కన పెట్టి ఆవిడే చెప్పారు. బెత్తం తియ్యలేదు. వీడియో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే నా బెంచీ దగ్గరకొచ్చి, "నీ వీడియో నా దగ్గరుంది, ఉంచమంటావా, తీసేయమంటావా?" అని అడగాలి. నేను జవాబు చెప్పాలి. మొదట వచ్చిన అమ్మాయికి అడ్డంగా తల ఊపాను. "తలకాయ ఊపితే కుదరదే. నోరిప్పి సెప్పు" అన్నారు టీచర్. "తీసెయ్" అన్నాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకే వినిపించింది. ఒక్కొక్కరూ వస్తున్నకొద్దీ అది గట్టిపడింది. అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పక్క సెక్షన్లో వీడియో తిరుగుతూనే ఉంది. సోడా అన్న పేరు టెన్త్ అయ్యేదాకా నన్ను వదల్లేదు.

ఆ సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక అడిగాను, "మీరు చూశారా టీచర్?"

"నేను సూడనేదు. సూడను కూడాను."

"అందరూ చూశారు కదా."

"అందరూ సూసేరు గనకే ఒకరైనా సూడకుండా ఉండాల. బళ్ళో నీకు కూకోడానికి ఓ సోటుండొద్దా?" కుర్చీ నా వైపు జరుపుకుని, "నువ్వేటి చదివేవో నాకు వినాలనుంది. నీకిష్టమైతేనే సుమా" అన్నారు. చదివాను. మళ్ళీ సోడవరమే వచ్చింది. ఆవిడ పకపకా నవ్వారు, "మా యమ్మా అచ్చం అలాగే అనేదే!" అని. నాకూ నవ్వొచ్చింది. అదే మాట, అదే నవ్వు, అయినా ఈసారి నాకు నొప్పి కలగలేదు. అప్పటినుంచి మధ్యాహ్నాలు ల్యాబులోనే అన్నం తినేదాన్ని. అంతమంది ఉన్న బళ్ళో ఆ గదిలోనే నాకు ఊపిరాడేది.

ఇప్పుడు నేనూ బుచ్చయ్యపేట దగ్గర ఒక బళ్ళో కంప్యూటర్లు చెబుతున్నాను. టీచర్ని ఆఖరిసారి చూసింది విశాఖ ఆసుపత్రిలో. మందులకి జుట్టంతా ఊడిపోయి, తల చుట్టూ కొంగు బిగించుకుని ఉన్నారు. చూడ్డానికొచ్చిన ఒకాయన ఫోను ఎత్తగానే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఇలాగొద్దు బాబూ. బాగయ్యేక తీద్దువుగాని." బాగవలేదు.

అది గుర్తొచ్చి గ్రూపులో రాశాను, "టీచర్ని అడిగి తీశారా?" అని. "ప్రేమతో పెట్టేం, ఇందులో తప్పేటి?" అన్నారొకరు. "ఆవిడే లేరు, ఇప్పుడెవర్ని అడుగుతాం?" అన్నారు ఇంకొకరు. దండం పెట్టే చేతుల బొమ్మలు ఒకదాని కింద ఒకటి పడుతూనే ఉన్నాయి.

ఎవర్ని అడుగుతాం అన్నది నిజమే. అడగడానికి ఆవిడ లేకపోవడమే కదా నా ఏడుపు. గదిలో నేనొక్కదాన్నే. ఒక్కసారి నొక్కితే ఎవరికి తెలుస్తుంది, ఏం పోతుంది అనిపించింది. చాలాసేపు ఆ మసక మంచాన్ని చూస్తూ ఉండిపోయాను. తర్వాత దాన్ని నా ఫోన్లోంచి తీసేసి, ఫోనుని డబ్బా మూత మీద బోర్లించాను. మిగిలినవాళ్ళంతా ఈపాటికి చూసే ఉంటారు.

"నేను సూడనేదు టీచర్" అన్నాను, పైకే. "చ" రావలసిన చోట "స" వచ్చింది. దిద్దుకోలేదు.