ఓడినవాడికే విందు

ఛాంపియన్‌కి ఒకటే పిచ్చి. తను ఎవరిని చితకబాదితే వాళ్లని ఇంటికి భోజనానికి తీసుకెళ్లాలి. రిఫరీ చెయ్యి పైకెత్తడం ఆలస్యం, ఆయన బాక్సింగ్ రింగులో అవతలి మూలకి నడిచి, ముక్కులో దూది పెట్టించుకుంటున్న మనిషి భుజం మీద చెయ్యి వేసేవాడు. "పద తమ్ముడూ, ఇంట్లో వంటైపోయి ఉంటుంది" అనేవాడు. ఆ తమ్ముడికి అప్పటికి తన పేరు కూడా సరిగ్గా గుర్తుండేది కాదు. అయినా లేచి వెంట వెళ్లేవాడు, వెళ్లకపోతే మళ్లీ కొడతాడేమోనని భయం.

దర్జీకీ ఒకటే బాధ. ఊళ్లో ఛాంపియన్ ఆడిన ప్రతి పోటీకీ ముందు వరసలో కూర్చుని గొంతు చించుకున్నది తను. ఆయన నిక్కర్లూ, భుజాల మీద కప్పుకుని రింగులోకి వచ్చే ఆ నిగనిగలాడే అంగీ కుట్టినది తను. ఆయన నడుముపట్టీ ఎంత బిగువుంటే ఊపిరాడుతుందో, ఎంత వదులైతే పరువు పోతుందో తెలిసినవాడు. అలాంటివాడికి ఆ ఇంట్లో కంచం ముందు కూర్చునే యోగం పట్టలేదు. కారణం ఒక్కటే, ఛాంపియన్ అతన్ని ఎన్నడూ కొట్టలేదు.

దుకాణంలో కొలతలిచ్చే ప్రతివాడికీ ఛాంపియన్ ఆట గురించి వినక తప్పేది కాదు. దర్జీ మెడలో టేపు వేలాడేసుకుని, కత్తెర బల్ల మీద పెట్టి, నడిచి చూపించేవాడు.

"చూడండి, రింగులో ఇలా నడిచేవాడు. చీకట్లో చెప్పులు వెతుక్కుంటున్నట్టు. తొందర లేదు. ఎడమ చెయ్యి ఇదిగో, ఇలా కిందకి వదిలేసేవాడు. అవతలివాడు 'ఓస్, ఇంతేనా' అనుకుని మొహం కాస్త ముందుకి తెచ్చేవాడు. అంతే!"

"అంతే అంటే?" అనేవాడు గిరాకీ, చంకల్లో గుండుసూదులు గుచ్చుకోకుండా బిగదీసుకుని.

"అంతే అంటే ఏముంది, భోజనమే."

చెబుతూ చెబుతూ దర్జీ మొహం మాడిపోయేది. వర్ణిస్తున్నది గెలిచినవాడి దెబ్బని అయినా, మనసంతా ఆ దెబ్బ తిని అన్నం తిన్నవాడి మీదే ఉండేది.

అందరిలోకీ కొండ అంటే అతనికి మరీ మంట. టైటిల్ పోటీలో ఛాంపియన్‌తో తలపడిన ఆరడుగుల పైచిలుకు మనిషి, అందుకే కొండ అనేవారు. ఆఖరి రౌండు దాకా ఛాంపియన్ అతని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. జనం ఈలలు వేశారు, తిట్టారు, కొందరు ఆవులించారు. చివరికి ఆ కిందకి వేలాడే ఎడమ చెయ్యి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. కొండ మాత్రం కూలింది. అలా టైటిలూ, ఆ పూట అతిథీ ఒకేసారి దొరికారు.

తర్వాత కొండ దర్జీ దుకాణానికే వచ్చాడు, ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి.

"ఒక్క భోజనానికే బిగుతైపోయిందా?" అన్నాడు దర్జీ పళ్లు నూరుతూ.

"వారం రోజులు కదలనివ్వలేదండీ. దవడ వాచిపోతే అన్నం మెత్తగా కలిపించాడు. అదలా ఉంచండి. తింటుంటే వాళ్లావిడతో ఏమన్నాడో తెలుసా? 'ఈ అబ్బాయి కొట్టిన దెబ్బకి నాకు ఇంకా చెవులు గింగురుమంటున్నాయే' అన్నాడు. మా అమ్మకి ఫోను చేసి, 'మీవాడు ఇవాళ నన్ను హడలగొట్టేశాడమ్మా' అని చెప్పాడు. మా అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది."

"నిజంగా అంత హడలగొట్టావా?"

"నా మొహం! ఒక్క దెబ్బ తగిలితే ఒట్టు."

ఆ ప్యాంటు కుట్టు వంకర పోయింది. దర్జీ వృత్తిలో అదే మొదటి వంకర కుట్టు.

ఆ రోజు ఇంటికెళ్లి భార్యతో అన్నాడు, "నేనూ రింగులోకి దిగుతానే."

"మీరు కుట్టుబల్ల మీంచి దిగడానికే నా చెయ్యి కావాలి. ఇంక రింగులోంచి ఎవరు దింపుతారు?"

అయినా దిగాడు. సాధన చేసే హాల్లో ఛాంపియన్ దగ్గరికి వెళ్లి, గ్లవ్స్ తొడుక్కుని, "కొట్టన్నా" అని మొహం చాచాడు. ఛాంపియన్ అలవాటు ప్రకారం చెప్పులు వెతుక్కుంటున్నట్టు అతని చుట్టూ తిరిగాడు. అలా తిరిగే మనిషిని చూస్తూ చూస్తూ దర్జీకే కళ్లు తిరిగి, కాలికి కాలు అడ్డం పడి వెల్లకిలా పడ్డాడు. పడినచోటి నుంచే ఆశగా అడిగాడు.

"ఓడిపోయానుగా అన్నా?"

"ఎక్కడ? నేను తాకనే లేదు. నువ్వే పడ్డావు. ఇది లెక్కలోకి రాదు. లే, మంచినీళ్లు తాగి వెళ్లు."

కాలం ఎవరినీ వదలదు కదా. మెరుపులా కదిలే ఒక కుర్రాడి చేతిలో ఛాంపియన్ ఓడిపోయాడు. దర్జీ ముందు వరసలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇవాళ ఎవరినీ వెంట తేలేదేం?" అని ఛాంపియన్ భార్య గుమ్మంలో అడిగిందట. "ఇవాళ ఓడింది నేనేనే" అని, ఛాంపియన్ కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడట. మర్నాడే ఆట మానేశాడు.

ఆట మానేసినా పిచ్చి మానలేదు. కొట్టడానికి మనుషులు లేకపోయేసరికి, ఎక్కడెక్కడ ఓడినవాళ్లనో ఏరుకొచ్చి వడ్డించసాగాడు. కోర్టులో కేసు ఓడిన పక్కింటాయన, డ్రైవింగ్ పరీక్ష తప్పిన టీచరమ్మ, పెళ్లిచూపుల్లో కుదరని గుమాస్తా. ఆఖరికి కేకుల పోటీలో ఓడిన బేకరీ యజమాని కూడా ఆ ఇంట్లో తిని, పెదాలు తుడుచుకుంటూ దర్జీ దుకాణం ముందు నుంచే వెళ్లాడు.

దర్జీకి కడుపు రగిలిపోయింది. బేకరీవాడు ఛాంపియన్ ఆట ఒక్కటి చూసిన పాపాన పోలేదు! సరే, తనూ ఓడాలి కదా అని క్యారమ్స్ బోర్డు చంకన పెట్టుకుని వెళ్లాడు. కావాలని కాయిన్లన్నీ పక్కకి కొట్టాడు. కానీ ఛాంపియన్ అంత దరిద్రంగా క్యారమ్స్ ఆడేవాడు మరొకడు పుట్టలేదు. దర్జీ ఎంత ప్రయత్నించినా ఆయనకన్నా బాగా ఓడలేకపోయాడు.

"నువ్వే గెలిచావు తమ్ముడూ, శభాష్! వెళ్లిరా" అన్నాడు ఛాంపియన్.

అలాంటి రోజుల్లో అభిమాన సంఘం అధ్యక్ష పదవికి ఎన్నిక వచ్చింది. ఇక్కడ మాత్రం దర్జీ ఓడదలచుకోలేదు. భోజనం ఎలాగూ రాసిపెట్టి లేదు, ఛాంపియన్‌కి అందరికంటే పెద్ద అభిమాని తనే అన్న మాటైనా దక్కాలి. పోటీకి దిగింది ఎవరయ్యా అంటే బేకరీ యజమాని. వచ్చినవాళ్లందరికీ కేకు ముక్కలు పంచాడు. దర్జీ ఊడిన గుండీలన్నీ ఉచితంగా కుట్టిపెట్టాడు. కేకు తిన్న నోళ్లు ఇటూ, గుండీ పెట్టుకున్న చొక్కాలు అటూ.

సంఘం గదిలో చేతులెత్తి ఓట్లేశారు. సమానంగా వచ్చాయి. ఇంక ఎత్తాల్సిన చెయ్యి ఒక్కటే మిగిలింది, గౌరవ సభ్యుడైన ఛాంపియన్‌ది. దర్జీ ధీమాగా కాలర్ సర్దుకున్నాడు. ఆ చేతికి చొక్కా కుట్టింది తనే మరి.

"బేకరీ" అన్నాడు ఛాంపియన్, ఎడమ చెయ్యి పైకెత్తి.

దర్జీకి చెవుల్లో హోరు. ఆ చెయ్యి ఎప్పుడు లేచిందో అతనూ చూడలేదు. దండలు, చప్పట్లు, బేకరీ యజమాని నవ్వు, అన్నీ మసకగా కనిపించాయి. అప్పుడు భుజం మీద చెయ్యి పడింది.

"పద తమ్ముడూ, ఇంట్లో వంటైపోయి ఉంటుంది."

"నేను రాను" అన్నాడు దర్జీ. "నా మీద చెయ్యెత్తి బేకరీవాడికి పట్టం కట్టావు. నీ అన్నం నాకొద్దు."

అన్నాడే గానీ, కాళ్లు మాత్రం ఛాంపియన్ వెనకే నడిచాయి.

భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. కోపంతో కంచంలోకి చూడకూడదనుకున్నాడు. వాసన ఊరుకోనివ్వలేదు. ఛాంపియన్ భార్య కొసరి కొసరి వడ్డిస్తూ అంది, "మొహమాటపడకు నాయనా. నీకు వెల్లుల్లి పడదట కదా, ఒక్క రెబ్బ కూడా వెయ్యొద్దని నిన్న పొద్దున్నే చెప్పారు."

దర్జీ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

"నిన్న పొద్దున్నా? ఎన్నిక ఇవాళ కదా వదినా?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. మొగుడు గోడ వైపు చూశాడు.

"అంటే నిన్ననే నన్ను ఓడించాలనుకున్నావా అన్నా?"

"మరేం చెయ్యను?" అన్నాడు ఛాంపియన్ విసుగ్గా. "గెలిచినవాణ్ణి పిలవకూడదని నేను పెట్టుకున్న నియమం. పరాయి ఊళ్లో ఆడిన మొదటి పోటీలో నేను ఓడినప్పుడు జనమంతా గెలిచినవాడి వెంట పోయారు. గ్లవ్స్ విప్పే దిక్కు కూడా లేక పళ్లతో పీకి తాడు విప్పుకున్నాను. అప్పటి నుంచి ఇదే నియమం. నువ్వేమో ఎన్నేళ్లుగానో మా గుమ్మం వైపు ఆవురావురుమని చూస్తున్నావు. పోనీ ఓడతావా అంటే, క్యారమ్స్‌లో కూడా గెలిచి చస్తివి! ఎంత దరిద్రంగా ఆడినా నీకు ఓడటం చేతకాలేదు. నా జన్మలో నన్ను ఇంత ఏడిపించిన ప్రత్యర్థి ఇంకొకడు లేడు. నీకు ఒక్క ఓటు ఎక్కువ పడి ఉంటే ఈ వంటంతా బేకరీ ఆయన పాలయ్యేది, తెలుసా?"

ఆ మాట వినగానే దర్జీ కంచాన్ని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. కోపం ఎటుపోయిందో తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే, ఘాటు ఎక్కువైందని సర్దుకున్నాడు.

ఈలోగా ఛాంపియన్ ఫోను తీసి దర్జీ భార్యకి చేశాడు. "అమ్మా, మీ ఆయన ఇవాళ ఏం పోరాడాడమ్మా! ఆఖరి చెయ్యి దాకా అందరినీ హడలగొట్టేశాడు" అన్నాడు. అవతల నుంచి దర్జీ భార్య, "అయ్యో, గెలవలేదా? అయితే భోజనం దొరికిందన్నమాట, హమ్మయ్య" అంది.

అంతలో వీధి తలుపు తట్టారు. కొత్త అధ్యక్షుడు మెడలో దండతో నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి వస్తున్న వాసనకి అతని ముక్కుపుటాలు అదిరాయి. ఛాంపియన్ గుమ్మంలోనే చెయ్యి కలిపి, "అభినందనలు అధ్యక్షా, చాలా సంతోషం, ఇంక వెళ్లిరండి" అన్నాడు. బేకరీ యజమాని కదల్లేదు. గుమ్మం పక్క కిటికీలోంచి కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపేమిటో దర్జీకి ఒకరు చెప్పనక్కర్లేదు, ఇన్నేళ్లు అది తన సొంత చూపే. కొంచెం జాలి వేసింది. అయినా కంచాన్ని కిటికీకి బాగా కనిపించేలా జరుపుకుని, "ఇంకాస్త వడ్డించు వదినా" అన్నాడు.