గీత దాటిన ఎర్ర చుక్క: బంగారుపాళ్యం తోటలో ఒక రెండో శనివారం

నేను ప్రయాణాల మనిషిని కాను. సెలవు రోజున పొద్దెక్కేదాకా దుప్పటి ముసుగులో ఉండటమే నాకు తెలిసిన విహారం. అలాంటిదాన్ని ఫిబ్రవరిలో రెండో శనివారం నాడు నాలుగింటికే లేచి, తొమ్మిదేళ్ళ కూతురు మేఘనను లేపి, తిరుపతి నుంచి బంగారుపాళ్యం దగ్గరి మామిడితోటకు బయలుదేరానంటే అది ప్రకృతి మీద ప్రేమ కాదు, భయం. మేఘన నాలుగో తరగతి. బోర్డు మీద రాసింది నోట్సులోకి ఎక్కించదు. పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూసి రాస్తుంది. ఆటల్లో బంతి మీదికొచ్చి తగిలేదాకా కదలదు. "ధ్యాస లేదండీ పాపకు. మీరు ఒప్పుకుంటే ఇంకో ఏడాది నాలుగులోనే ఉంచుదాం. సోమవారం వచ్చి ఏ సంగతీ చెప్పండి" అని క్లాసు టీచరు నెమ్మదిగానే చెప్పింది. ఆమె నెమ్మదిగా చెప్పినందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ రెండో శనివారం సంగతి చెప్పింది మా పక్కింటావిడ. నలుగురైదుగురు మామిడి రైతులూ, ఇద్దరు రిటైరైన మాస్టర్లూ కలిసి నెలకోసారి పిల్లల్ని తోటలో తిప్పుతారట. పిట్టల్ని చూపించడం, చెట్లెక్కనివ్వడం, మధ్యాహ్నం సంగటి పెట్టి పంపడం. వాళ్ళబ్బాయి వెళ్ళొచ్చాక వారం రోజులు ఫోను అడగలేదని చెబితే, మేఘనకూ కాస్త ధ్యాస కుదురుతుందేమోనని ఆశపడ్డాను. మా ఆయన రేణిగుంటలో గిడ్డంగి పని, ఆ వారం రాత్రి డ్యూటీ. ఫోన్లో చెబితే, "పో, కానీ ఆడ గూడా దాన్ని కసురుకోకుండా ఉండు, సగం జబ్బు అదే పోతాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తోట నుంచి తిరిగొచ్చే సాయంత్రానికి ఆ మాట ఎంత దూరం వస్తుందో ముందుగా తెలిసి ఉంటే అంత మండేది కాదేమో.

తిరుపతి బస్టాండులో ఐదింటికల్లా చిత్తూరు బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు డబ్బులు లేకుండా ఇచ్చే జీరో టికెట్ కాబట్టి ఆధార్ కార్డు మర్చిపోకండి. నేను సంచి అడుగున పెట్టి, కండక్టరు తలమీద నిలబడితే సంచంతా కుమ్మరించాల్సి వచ్చింది. రెండు గంటలకు కాస్త తక్కువే పట్టింది చిత్తూరుకు. అక్కడ పలమనేరు వైపు వెళ్ళే బస్సు పదినిమిషాల్లో దొరికింది, అరగంటలో బంగారుపాళ్యంలో దిగాం. రోడ్డు పక్కన ఇడ్లీలు తిన్నాం, ప్లేటు ముప్పై రూపాయలు, చట్నీలో కారం మాత్రం పిల్లలకు కాదు. అక్కడి నుంచి తోట ఐదు కిలోమీటర్లు, షేర్ ఆటోలో మనిషికి ఇరవై.

"పిల్లోళ్ల తోటకే గదా మేడం?" అన్నాడు ఆటో డ్రైవరు, మేము అడగకముందే.

"మీకెట్లా తెలుసు?"

"రెండో శనివారం ఈ టైములో టోపీ పెట్టుకున్న పాప దిగిందంటే ఇంక యాడికి పోతాది? వాళ్ళు పిట్టల్ని సూసేదానికి వస్తారు, నాకు ఆ పూటకు బేరం దొరకతాది."

ఎనిమిదింటికి తోటలో పద్నాలుగు మంది పిల్లలు తేలారు. చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. ఆ తీపి వాసనకు, నిద్రలేమికి నా తల కొంచెం తిరిగింది. తోట యజమాని మునిరత్నం గారు, అరవై ఐదేళ్ళుంటాయి, లుంగీ, భుజాన తువ్వాలు, మనిషి సన్నగా గట్టిగా ఉన్నారు. పిల్లకు వంద రూపాయలు తీసుకుని, ఫోన్లన్నీ ఒక వెదురు బుట్టలో వేయించారు. పెద్దవాళ్ళవి కూడా. తర్వాత మా తల్లిదండ్రులందరి వైపు తిరిగి ఒక్కటే షరతు పెట్టారు.

"మీరంతా పిల్లోళ్లకు ఇరవై అడుగులు వెనకాల నడవాల. మాట అందీయొద్దు, ఇది సూడు అది సూడు అనొద్దు. వాళ్ళకేం కనపడతాదో వాళ్ళే చెప్తారు."

ఆ షరతు నాకోసమే పెట్టినట్టుంది. ఎందుకంటే మొదట తప్పింది నేనే.

మొదటి అరగంట మాత్రం హాయిగా గడిచింది. టార్పాలిన్ పట్ట మీద పిల్లల్ని కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. వేరే వేరే చప్పుళ్ళు ఎన్ని వినిపిస్తే అన్ని వేళ్ళు ముడవాలి. చాలామంది మూడు, నాలుగు దగ్గర ఆగారు. మేఘన ఏడు ముడిచింది. ఏమేమిటని అడిగితే, దూరంగా బోరు మోటారు, ఎవరో ఎండుటాకుల మీద నడవడం, చిలకలు, ఇంకా ఏవేవో చెప్పి, చివర, "టుక్కు టుక్కు అనేది ఒకటి కాదు తాతా, రెండుండాయి. ఒకటి అన్నాక ఇంకోటి ఆ పక్క నుంచి అంటాది" అంది. అది కంసాలి పిట్ట అట. మునిరత్నం గారు తలెత్తి కాసేపు విని, "ఇన్నేళ్ళుగా వింటాండాను, నాకు ఒకటే అనుకున్నా" అన్నారు. ఏడాదిగా నా కూతురి గురించి ఎవరూ నా ముందు మంచిమాట అనలేదు. ఇరవై అడుగుల వెనక నా మెడ కాస్త పొడుగైంది.

ఆ గొప్ప పావుగంట కూడా నిలవలేదు. తోట చివర ఒక వేపచెట్టు ఉంది, దానికి ఒక ఎండుకొమ్మ. "ఆ కొమ్మ చివర పాలపిట్ట కూర్చోనుండాది, సూసినారా?" అన్నారాయన. పిల్లలంతా చూశామని అరిచారు. మేఘన కూడా తలూపింది. "ఎటు పక్కకు తిరిగుండాది అమ్మణ్ణీ?" అని ఆమెనే అడిగారు. మేఘన చొక్కా అంచు నలుపుతూ నిలబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, నా నోరు నా మాట వినలేదు.

"సరిగ్గా చూడవే! ఎదురుగానే ఉంది కదా!"

తోటంతా వినపడింది. పాలపిట్ట కూడా కాస్త కదిలింది. మునిరత్నం గారు వెనక్కి తిరిగి, కోపం లేకుండానే, "అమ్మా, నోరు గూడా ఇరవై అడుగులు వెనకాలే ఉండాల" అన్నారు. మిగతా తల్లులు నేలచూపులు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అంతకంటే ఎక్కువగా, సోమవారం టీచరుకు ఒప్పుకుంటున్నానని చెప్పడం తప్పదనిపించింది.

అప్పుడు ఆయన బైనాక్యులర్ తీశారు. పాతది, పట్టీ స్థానంలో తాడు కట్టి ఉంది. మధ్యలో తిప్పే చక్రం మీద ఒక ఎర్ర చుక్క, చెట్లకు నంబర్లు వేసే రంగుతో పెట్టింది. బైనాక్యులర్ ఒంటి మీద ఒక గీత. చుక్క ఆ గీతకు ఎదురుగా వస్తే వేపచెట్టు స్పష్టంగా కనిపిస్తుందట. కానీ పిల్లలకు ఆ కిటుకు చెప్పరు, ఎవరికి వాళ్ళే తిప్పుకుని చూడాలి. ఒక్కొక్కరే తిప్పారు, చూశారు, ఇచ్చేశారు. మేఘన వంతు వచ్చింది. తిప్పింది, తిప్పింది, ఇంకా తిప్పుతూనే ఉంది. నేను పళ్ళు బిగించి చూస్తున్నాను. ఉన్నట్టుండి దాని నోరు తెరుచుకుంది.

"తాతా! దాని రెక్కలో నీలం ఉండాది! ఈ పక్కకు తిరిగుండాది, ముక్కులో ఏదో పురుగు పెట్టుకోనుండాది!"

పురుగు సంగతి అప్పటిదాకా ఏ పిల్లా చెప్పలేదు. మునిరత్నం గారు బైనాక్యులర్ అందుకుని, పిట్టను కాదు, చక్రాన్ని చూశారు. మళ్ళీ చుక్కను గీతకు తెచ్చి ఆమెకే ఇచ్చారు. "ఇప్పుడు కనపడతాందా?"

"లేదు తాతా. మసక."

"సరే, తిప్పుకో."

మేఘన తిప్పుకుంది. ఆయన మళ్ళీ చక్రం చూశారు. అంతే దూరంలో ఉన్న ఇంకో చెట్టును చూపించి మూడోసారి కూడా అలాగే చేశారు. తర్వాత నన్ను చేత్తో పిలిచారు. ఇంకేం వినాల్సి వస్తుందోనని అనుకుంటూనే నా ఇరవై అడుగులూ నడిచి వెళ్ళాను.

"అందరు పిల్లోళ్లు తిప్పితే చుక్క ఈ గీత కాడికే, కొంచెం అటూ ఇటూ వస్తాది. మీ పాప తిప్పితే మూడుసార్లూ గీత దాటి ఇంత దూరం పోయింది, ఒకే తావుకు" అని చక్రం మీద వేలి వెడల్పు కొలిచి చూపించారు. "దూరం సరిగ్గా కనపడనోళ్లకే అట్లా పోతాది. పాపకు అద్దాలు లేవా?"

"అద్దాలెందుకు? స్కూల్లో కళ్ళ పరీక్ష చేశారు కదా, బాగున్నాయన్నారు" అన్నాను.

మేఘన నేల చూస్తూ చెప్పింది. "నా ముందర లైన్లో ముగ్గురు చదివినారమ్మా. నేను విని అదే చెప్పేసినా. అందరూ అదే చెప్పాలనుకున్నా."

మునిరత్నం గారు నవ్వలేదు. "నేను డాక్టర్ని కాదమ్మా. కానీ పోయేటప్పుడు చిత్తూర్లో సూపించుకోని పోండి. ఈ పాపకు ధ్యాస లేకపోవడమేంది, ఏడు చప్పుళ్ళు విన్న పాప!" అన్నారు. ధ్యాస మాట నేను ఆయనతో అనలేదు. మేఘనే ఎప్పుడో చెప్పి ఉంటుంది.

నేను గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. వంట చేసే రాజమ్మవ్వ మజ్జిగ చెంబుతో పరుగున వచ్చింది.

"ఏమైంది పాపా, ఎండ తగిలిందా?"

"లేదవ్వా. పిల్లకు దూరం సరిగ్గా కనపడదంట."

"మరి నవ్వతాండావే, పిచ్చిదానా!"

నిజమే, ఏడుస్తూనే నవ్వుతున్నాను. ఒక తల్లి తన బిడ్డకు చూపు తక్కువని విని అంత సంతోషపడటం ఆ అవ్వ ఎక్కడా చూసి ఉండదు. ఆ మజ్జిగ గడగడా తాగాను. మధ్యాహ్నం ఆవిడ పెట్టిన రాగి సంగటి, వేరుశనగ పచ్చడి, అదే చెనిక్కాయల ఊరుబిండి, ఎంత తిన్నానో లెక్కలేదు. నెల రోజుల తర్వాత ఆకలి వేసినట్టు అనిపించింది. తింటున్నంతసేపూ, టీవీ దగ్గరికి జరిగి కూర్చుందని దాన్ని ఎన్నిసార్లు జుట్టు పట్టి వెనక్కి లాగానో గుర్తొస్తూనే ఉంది.

ఒంటిగంటన్నరకు తోట వదిలి, అదే దారిలో మూడింటికి చిత్తూరు చేరాం. బస్టాండు దగ్గర ఒక కళ్ళద్దాల షాపులో పరీక్ష చేసే అమ్మాయి ఉంది. ఈసారి అక్షరాల పట్టిక దగ్గర మేఘన ముందు వరుసలో ఎవరూ లేరు. పై రెండు వరుసలు చదివి ఆగిపోయింది. రెండు కళ్ళకూ మూడు దాటి మైనస్ పవర్. "ఏమ్మా, ఇన్నాళ్ళు ఎట్లా నెట్టుకొచ్చినావు?" అని ఆ అమ్మాయి మేఘనను మెచ్చుకున్నట్టే అడిగి, పరీక్ష ఫ్రేములో అద్దాలు బిగించి, గుమ్మం దాకా నడిచి బయట చూడమంది.

మేఘన గుమ్మంలో నిలబడి వీధి చూసింది. అవతలి పక్క బస్సు బోర్డు చదివింది. మేడ మీద ఆరేసిన బట్టలు రంగులతో సహా లెక్కపెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, షాపు లోపల చివర కుర్చీలో కూర్చున్న నన్ను చాలాసేపు చూసింది.

"అమ్మా, నువ్వు దూరం నుంచి పిలిస్తే కోపంగా ఉండావేమోనని గొంతు విని కనుక్కునేదాన్ని. ఇప్పుడు మొగం కనపడతాంది."

"ఇప్పుడెట్లా ఉన్నాను?" అన్నాను.

"నవ్వతాండావు. ఏడ్చినట్టు గూడా ఉండాది."

అద్దాలు మంగళవారం చేతికొచ్చాయి, పద్నాలుగు వందలైంది. తిరుపతిలో కంటి డాక్టరుకు కూడా చూపించాం, పవర్ తప్ప వేరే లోపం లేదన్నాడు. సోమవారం స్కూలుకు వెళ్ళి ఏడాది ఆపడానికి ఒప్పుకోనని చెప్పి, అద్దాలు వచ్చేదాకా ముందు బెంచీ అడిగాను. టీచరు నా కంటే ఎక్కువ బాధపడింది. ఈ ప్రయాణం మొత్తానికి నాకు మిగిలింది పెద్ద ఊరట, దాని పక్కనే ఒక చిన్న ముల్లు. ధ్యాస లేనిది ఇన్నాళ్ళూ నాకే. మా ఆయన ఆ మాట అనలేదు, అనే అవకాశం ఇవ్వకుండా నేనే ముందు చెప్పేశాను.

మీరూ వెళ్ళాలనుకుంటే, ముందురోజు ఫోను చేసి తోటకు మందు కొట్టే వారం కాదని కనుక్కోండి, ఆ వారం వాళ్ళు పిల్లల్ని రానివ్వరు. అసలు చిట్కా మాత్రం ఇది: బైనాక్యులర్‌ను మీరు సరిచేసి పిల్లల చేతికి ఇవ్వకండి, చక్రం వాళ్ళనే తిప్పుకోనివ్వండి, చుక్క ఎక్కడ ఆగిందో తర్వాత చూడండి. ఇరవై అడుగులు వెనకే ఉండండి. మేము మార్చిలో మళ్ళీ వెళ్ళాం. ఆ దూరం నుంచి మేఘనకు ఇప్పుడు నా ముఖం బాగా కనపడుతుంది కాబట్టి, నేను కూడా ముఖం చిట్లించకుండా కాస్త చూసుకుని నిలబడ్డాను.