అవ్వ దీపం, నా ఈగలు

ఆ రోజుల్లో నాకు ఒకటే గర్వం, ఒకటే భయం. మా ఇంట్లో ఎమ్మెస్సీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనేనని గర్వం. ప్రాజెక్టు చెడితే ఆ చదువు అక్కడే ఆగిపోతుందని భయం. కరోనాకు హాస్టల్ మూసేస్తే అందరూ బట్టల బ్యాగులతో ఇళ్లకు పోయారు. నేను పండు ఈగల సీసాలు ఒళ్లో పెట్టుకుని నార్కట్‌పల్లి దగ్గర మా ఊళ్లో దిగాను. వెలుగే ఎరగని ఈగలు కూడా వేళ తెలిసి తెల్లవారుజామునే గూడు చీల్చుకుని వస్తాయా అన్నది నేను తేల్చాలి. అందుకని కందుల బస్తాల గదికి సందులన్నీ గోనెసంచులు కుక్కి చీకటి చేశాను. (వాటి మేతకు ఇంట్లో బెల్లమంతా ఊడ్చేశానని అవ్వ గొణుగుడు వేరే.) "గొర్లు కాసే ఇంటి పిల్ల ఈగలు కాస్తాందట!" అని వాడంతా నవ్వింది. బాపు మాత్రం మీసం తిప్పి, "నాకు గొర్లు, నా బిడ్డకు ఈగలు. ఎవరి మంద వాళ్లది" అన్నాడు.

తీరా చూస్తే నా ఈగలు పొద్దున కాదు, పొద్దుగూకాక వస్తున్నాయి! ఇదేదో కొత్త జన్యుమార్పు, ఈగల పరిణామంలోనే మలుపు అనుకున్నాను. దానికి మా ఊరి పేరు పెట్టాలా, నా పేరు పెట్టాలా అని కూడా ఆలోచించాను. రోజూ పొద్దునొకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి, ఈగలకు కనబడని ఎర్రలైటు పట్టుకుని పోయి చూసేదాన్ని. ఒకనాడు ఆగలేక సాయంత్రమే పోతే తలుపు తీసి ఉంది. బస్తాల వెనక గోడ గూట్లో అవ్వ దీపం వెలిగిస్తోంది.

"అవ్వా! ఏం జేస్తున్నవ్?"

"రోజూ పెట్టేదే గద బిడ్డా. గింజలున్న అర్రల దీపం లేకుంటే ఇంటికి మంచిదా? పాణమున్న జీవాలను గుడ్డి చీకట్ల పెట్టి, మల్ల నన్ను అడుగుతున్నవా?"

నేను పోయేసరికి రోజూ ఆ దీపం కొండెక్కేదన్నమాట. బస్తా మీద కూలబడి, "నా సదువు ఆగం జేసినవ్!" అని వెక్కివెక్కి ఏడ్చాను. మళ్లీ మొదలుపెట్టడానికి గడువు లేదు. నా ప్రాజెక్టు చూసే మేడం ఫోన్లో, "ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

వైవా కూడా ఫోన్లోనే. "చీకట్లో ఉన్న ఈగలు సాయంత్రం ఎందుకు వచ్చాయమ్మా?" అని అడిగాడు పరీక్ష పెట్టే సారు. "మా అవ్వ దీపాన్ని పొద్దు పొడుపు అనుకున్నాయి సార్" అన్నాను. ఆయన నవ్వి, "రోజూ ఒకే వేళకు వెలుగు పడితేనే అట్లా జరుగుతుంది. ఏం టైమర్ పెట్టావు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ ఫోన్లోకి తల దూర్చింది. "నేనే పెట్టిన సారూ. జరమొచ్చిన నాడు గూడ గోడ పట్టుకోని పోయి పెట్టిన, ఒక్కనాడు తప్పలే. తప్పు నాది, పిల్లను ఫేల్ జెయ్యకు."

"వెలుగు ఎక్కడిదో రాయాలి కదా. ఆ అమ్మ పేరు రాయి" అన్నాడు సారు. పాసయ్యాను.

ఇప్పుడు మలేరియా దోమలు ఏ వేళకు కుడతాయో చూసే ఉద్యోగం నాది. కొత్తగా చేరిన పిల్లలు నా పాత ప్రాజెక్టు తిరగేసి, వెలుగు ఎక్కడిదో రాసిన చోట పేరు చూసి, "ఈవిడ ఏ యూనివర్సిటీ మేడం?" అని అడుగుతుంటారు. "మా అవ్వ" అంటాను. ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త పెద్దదే అవుతుంది, బస్తా మీద కూర్చుని ఏడుస్తున్న ఆ పిల్లకు కూడా వినబడాలని కాబోలు.