వెనక్కి చూడకుండా

వాన వెలిసింది. రోడ్డు మీద బండ్లు ఆపేటప్పుడు వేసుకునే రేడియం పట్టీల కోటు బాల్కనీలో ఆరేశాను. దాని నుంచి తడి రబ్బరు వాసన గదిలోకి వస్తోంది. పాప నిద్రపోతోంది. ఈ వాసన తగిలితే నాకు సుగుణక్క గుర్తుకొస్తుంది. ఇంక నిద్ర పట్టదు.

హోంగార్డుగా పనిచేసి మానేశాక అక్క మా కాలనీలోనే ఉండేది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు మా గేటు ముందే. ఏదైనా ప్రమాదం జరిగితే అంబులెన్సు వచ్చేదాకా బండ్లను ఎలా ఆపాలో ఆదివారాలు కాలనీ ఆడవాళ్లకు నేర్పేది. పాప తుమ్మినా కంగారుపడే నేను, భయం తగ్గుతుందేమోనని చేరాను. మొదటిరోజు ఎర్రజెండా పట్టుకుని బిగుసుకుపోతే నవ్వింది. “బస్‌స్టాప్‌ల నిలవడ్డట్టు నిలవడితే, ఏడికి పోవాలమ్మా అని అడుగుతడు లారీవాడు. చెయ్యి చాపు.”

మా అందరిదీ ఒకటే తప్పు. వెనకాల ఎవరైనా మూలిగితే చాలు, జెండా వదిలేసి అటు పరుగెత్తేవాళ్లం. పడ్డ మనిషి చుట్టూ మూగడమే మాకు తెలిసిన సాయం. అది మాన్పించాలని ఒకరోజు అక్క నా పాపను ఎత్తుకుని నా వెనక నిలబడింది. పాప ఏడ్చింది. నేను తిరిగాను.

“నువ్వు తిరిగినవ్. లారీ ఆగలే,” అంది. గొంతులో కోపం లేదు. “నీ బిడ్డ నా చేతిల ఉన్నది. నువ్వు బండ్లను చూడు.”

పాప బడికి వెళ్లడం మొదలుపెట్టాక, ఒక సాయంత్రం మలుపు దగ్గర బడి ఆటో బోల్తా పడింది. అక్కా నేనూ ఒక్కసారే చేరుకున్నాం. ఆమె జెండా నా చేతిలో పెట్టి మలుపు అవతలికి పొమ్మంది. మలుపు తిరిగేదాకా లారీలకు ఆటో కనబడదు. చెయ్యి చాపి నిలబడ్డాను. వెనక “అమ్మా” అని వినిపించింది. నా పాప గొంతే. ఎదురుగా ఇసుక లారీ వేగం తగ్గించలేదు. మెడ దానంతటదే తిరగబోయింది.

అప్పుడు అక్క కేక వినిపించింది. “నా చేతిల ఉన్నది బిడ్డా. ముందుకు చూడు.”

లారీ కీచుమంటూ ఆగింది. పోలీసులు వచ్చి జెండా అందుకున్నాకే తిరిగాను. మోకాళ్లనిండా మట్టితో పాప అక్క భుజం మీద వెక్కుతోంది.

పోయిన చలికాలం అక్క జబ్బుచేసి చనిపోయింది. ఆదివారాలు ఇప్పుడు నేనే నేర్పుతున్నాను. కొత్తగా వచ్చిన తల్లుల పిల్లలను ఎత్తుకుని, వాళ్ల వెనక నిలబడి ఆ మాటే చెబుతాను. రోడ్డు మీద నేను నిలబడ్డప్పుడు మాత్రం నా వెనక ఆ మాట చెప్పేవాళ్లు లేరు. అయినా తిరగను. బండ్లనే చూస్తుంటాను. చెవులు మాత్రం వెనకే ఉంటాయి.