వంకాయలకు నేను పెట్టిన బొక్కలు

పరువు పోగొట్టుకోవడానికి మనుషులు పేకాట, ఎన్నికల్లో పోటీ లాంటి పెద్ద పెద్ద మార్గాలు ఎంచుకుంటారు. నేను రెండు బుట్టల వంకాయలతో పని ముగించాను. అదీ హోసూరులో, ఆదివారం పొద్దున, ఒక అపార్ట్‌మెంటు మొత్తం చూస్తుండగా. మీరు నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

మాది హోసూరు బజారులో మూడు తరాల పచారీ అంగడి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. వ్యవసాయం గురించి నాకు తెలిసినదంతా ఫోనులో చూసిన వీడియోలే. ఆ తెలివితోనే, మందులు కొట్టకుండా పండించే, పక్కనున్న అత్తిముగం ఊరి వైపు రైతులనూ ఊళ్లో కొత్తగా లేచిన అపార్ట్‌మెంటువాళ్లనూ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఆదివారం ఆదివారం గేటు దగ్గర కూరగాయలు దింపడం నా పని. రోజూ పొద్దున్నే గ్రూపులో ఉపన్యాసం దంచడం నా వ్యసనం. ఒకనాడు ఊపులో ఇలా రాసేశాను: "పురుగు ముట్టని కాయను మీరూ ముట్టకండి. పురుగును మించిన ల్యాబు లేదు." దానికి వచ్చిన దండాలూ చప్పట్లూ చూసుకుంటూ ఆ పూట టిఫిను తినడం కూడా మరిచిపోయాను.

ఆ వారమే అత్తిముగం రంగమ్మ వంకాయలు కోతకొచ్చాయి. రంగమ్మకు ఉన్నదే ఎకరం నేల. నా మాట నమ్మి, ఏళ్లుగా కాయలు తీసుకునే మండీ వ్యాపారిని వదులుకుని, ఎకరమంతా వంకాయే పెట్టింది. రోజూ తెల్లారగానే తోటలో దిగి, వాడి వాలిపోయిన కొమ్మ కొసలను పురుగుతో సహా తుంచేస్తుంది. వేపగింజల కషాయం చల్లుతుంది. అందుకే కాయలు అద్దాల్లా మెరుస్తున్నాయి. నా కొంప ముంచింది ఆ మెరుపే.

గ్రూపులో అందరికంటే గట్టి గొంతు రిటైరైన టీచరు సరోజమ్మది. ఆదివారం గేటు దగ్గర ఆమె ఒక కాయను అటూ ఇటూ తిప్పి, "ఏమప్పా, ఒక్క బొక్క కూడా లేదే. మందు కొట్టినట్టుండాదే" అంది. లేదమ్మా అన్నాను. ఆమె ఫోను తీసి, నా ఉపన్యాసం నాకే చదివి వినిపించింది. ఆ రోజు రంగమ్మ బుట్టలు వచ్చిన దారినే తిరిగిపోయాయి.

అత్తిముగం వెళ్లి, కాస్త పురుగును వదిలిపెట్టమని రంగమ్మ దగ్గర నసిగాను. జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.

"నేను వంకాయ పెట్టినానా, పురుగులను సాకతా ఉండానా? నీ మాట నమ్మి మండీ వదిలేసినాను. వచ్చే వారం కూడా వెనక్కి వస్తే తోట దున్నేసేదే అప్పా" అంది.

తప్పు నాదని గ్రూపులో ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కానీ అన్ని చప్పట్లు కొట్టించుకున్నవాడు ఆ ముక్క ఎలా రాస్తాడు, మీరే చెప్పండి.

అందుకని మరుసటి ఆదివారం, అంగడిలో గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని రంగమ్మ వంకాయల ముందు కూర్చున్నాను. కాయకు రెండు బొక్కల చొప్పున పొడిచాను. మొదట బొక్కలు వంకరపోయాయి, పోనుపోను కళ అబ్బింది. కొన్నింటికి మూడు పెట్టి, ఆ పురుగులకు ఆకలెక్కువలే అని సరిపెట్టుకున్నాను.

గేటు దగ్గర జనం ఎగబడ్డారు. సరోజమ్మ బొక్కలు చూసి మరీ ఏరుకుంటూ, ఇదీ అసలు సరుకని పక్కవాళ్లకు పాఠం చెబుతోంది. సరిగ్గా అప్పుడే షేర్ ఆటోలోంచి రంగమ్మ దిగింది. కాయలు ఈసారైనా పోతాయో లేదోనని మనసు నిలవక వచ్చిందట. ఒక కాయ చేతిలోకి తీసుకోగానే ఆమె ముఖం మాడిపోయింది.

"ఇవి నా కాయలు కాదు."

మీవేనమ్మా అని గొణిగాను.

"నా తోటలో బొక్క కాయ ఒక్కటి కూడా బుట్టకు ఎక్కదు. ఊర్లో నా పేరేమైపోవాల?" అంటూ కాయను రెండుగా విరిచింది. లోపల వెన్నలా తెల్లగా ఉంది. "పురుగు తిన్నుంటే లోపల నల్లగా పెంట ఉండాల. ఈడ బొక్క ఉండాది. పురుగు యాడికి పోయింది?"

అందరి కళ్లూ పురుగు కోసం వెతికి వెతికి, చివరికి నా మీద వాలాయి. తొందరలో చొక్కా జేబులో దోపుకున్న దబ్బనం తల బయటపెట్టి చూస్తోంది. సరోజమ్మ కళ్లజోడు సర్దుకుని నన్ను నిదానంగా చూసింది.

"దొరికింది లే రంగమ్మా, పురుగు" అంది.

తోట దున్నకుండా ఉండాలంటే వారం రోజులు తనతో పాటు పొద్దున్నే వచ్చి పురుగులు ఏరాలని రంగమ్మ షరతు పెట్టింది. ఏరాను. నడుము పడిపోయింది. ఆ పై ఆదివారం ఆమె నున్నటి వంకాయల బుట్ట ఒకటి, మూతకు బొక్కలు పెట్టిన డబ్బా ఒకటి గేటు ముందు దించి, అందరికీ వినబడేలా చెప్పింది.

"వంకాయలు ఈడ. వాటి పురుగులు ఆడ. కావాల్సినోళ్లు ఇంటికి పోయి చేర్చుకోండి."

డబ్బా వైపు ఎవరూ చూడలేదు. బుట్ట మాత్రం క్షణాల్లో ఖాళీ అయింది. మెరిసే కాయలు ముందుగా ఏరుకున్నది సరోజమ్మే. నేను ఆ డబ్బాలో మెలికలు తిరుగుతున్న ప్రాణుల సాక్షిగా, చేతులు జోడించి, ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇక పురుగుల తరఫున మాట్లాడను.