మా బావ కారుకు కార్బురేటర్లు ఎంచిన నాలుగు నెలలు

మొన్న మా ఎదురింటాయన కరెంటుతో నడిచే కారు కొన్నాడు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధి చివరిదాకా నడిపి తెచ్చాడు. పిల్లి నడిచినంత చప్పుడైనా లేదు. బానెట్టు ఎత్తి చూపుతూ, "దీన్ల కార్బురేటరే ఉండది సారూ, లొల్లే లేదు" అన్నాడు. నాకు ముందు నవ్వు వచ్చింది, ఆ వెంటనే చీదర కలిగింది. నవ్వు ఆయన అదృష్టానికి. చీదర, రెండేండ్ల కిందట ఇదే సిద్దిపేటలోని ఒక కారుకు ముగ్గురు చదువుకున్నవారు ఒక కార్బురేటర్ల జతను ఎంచుకోవడానికి నాలుగు నెలలు పట్టించిన వైనానికి. ఆ ముగ్గురిలో నేనొకడిని.

కారు మా అక్క భర్తది. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసినన్నాళ్లూ బావకు సర్కారు జీపు, సర్కారు డ్రైవరు. భార్యను పక్కన కూర్చోబెట్టుకొని తాను నడిపిన ప్రయాణం ఒక్కటీ లేదు. పదవి దిగినాక రాయపోలు దగ్గర ఒక మిల్లు కొట్టంలో దుమ్ము పట్టివున్న పాత ఇంగ్లీషు కారును తెచ్చాడు. ఎర్రనిది, పైకప్పు లేనిది, రెండే సీట్లది. అందులోకి ఎక్కడమంటే బావిలోకి దిగినట్లే. హైదరాబాదులో ఒక షెడ్డువారు దాని ఇంజనును విప్పి, పందెపు కార్లకు వేసే క్యామ్‌షాఫ్టు వేసి, పదును పెట్టి పంపారు. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్లు మాత్రం లేవు. వాటిని ఎవరో ఎప్పుడో ఊడదీసుకొనిపోయారు. అదే మాసంలో కంటి డాక్టరు బావకు నీటికాసులని తేల్చాడు. చూపు పక్కలనుంచి మూసుకొనివస్తున్నదనీ, కారు నడపాలన్న ముచ్చట ఉంటే పగటిపూట మాత్రమే, అదీ త్వరగా తీర్చుకొమ్మనీ చెప్పాడు. బావ కోరిక చిన్నది. అక్కను పక్కన పెట్టుకొని, తానే నడుపుతూ హైదరాబాదు రోడ్డుమీది ములుగుదాకా పోయి, అక్కడ చాయ తాగి రావడం.

బస్టాండు వెనక సందులో స్కూటర్లు బాగుచేసే ముసలి మెకానిక్కును ఊరంతా ఉస్తాద్ అంటుంది. ఆయన ఎక్కడెక్కడో అడిగి, ఆ కారుకు మొదట ఉండిన రకం చిన్న కార్బురేటర్ల జతను సంపాదించి, కిరోసినులో కడిగి, సూదులు మార్చి, పాత లుంగీ గుడ్డలో చుట్టి తెచ్చాడు. రెండు రోజులలో బిగిస్తానన్నాడు. బావ మొగం చిట్లించాడు. అప్పటికే హైదరాబాదులోని పాతకార్ల సంఘం పెద్దమనిషి ఒకడు ఫోనులో ఉపదేశం చేసివున్నాడు. ఆ మహానుభావుని గోళ్లలో ఏనాడూ మసి చేరలేదు. తన కారును లారీమీద ప్రదర్శనకు పంపి, తాను ఏసీ బండిలో వెనక వచ్చే సాహసికుడు. "ఆ క్యామ్‌షాఫ్టుకు చిన్నవా? ఒక్కొక్కదానికి గాలి పీల్చే గొంతులు రెండేసి ఉండే ఇటలీవి వేయకపోతే ఇంజనుకే అవమానం" అని ఆయన తీర్పు.

ఉస్తాద్ వాదించలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"సారూ, గీ బండి ఏడికి పోవాలె?"

"ఏడికైనా పోవాలె" అన్నాడు బావ, కీర్తికాముకుడై.

"ఏడికైనా పోయే బండికి కార్బురేటర్ దొరకది సారూ. ములుగుకు పోయే బండికైతే గిదో, నా చేతులనే ఉన్నది. గా పెద్ద గొంతులు పందెంల ఉరికేటియి. బజార్ల మెల్లగ పోతుంటే గాలి సరిగ గుంజదు, పెట్రోల్ అందది. దగ్గుకుంట ఆగిపోతది."

ఆ సాయంత్రం అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "నువ్వన్న చెప్పురా. ఆయనకు దినాలు తక్కువున్నయి" అన్నది. నేను చెప్పినది తలచుకుంటే ఇప్పటికీ నా నాలుకపై నాకే రోత. జీవితమంతా ప్రాచీన కావ్యాల పాఠభేదాలతో గడిపినవాడిని. నాలుగు ప్రతులు ముందుంచుకొని పోల్చనిదే ఒక్క పదాన్ని కూడా స్థిరపరచనివాడిని. అదే పాండిత్యాన్ని ఇనుముమీద ప్రయోగించాను. "తొందరెందుకు బావా, అన్ని మతాలూ పరిశీలించి నిర్ణయిద్దాం" అని, ఎర్రసిరాతో గీతలు కొట్టి పట్టిక తయారుచేశాను: గొంతు వెడల్పు, పెట్రోలు చిమ్మే జెట్టు సంఖ్య, గాలి రంధ్రం, పెద్దమనిషి అభిప్రాయం. జెట్టుకూ చీలకూ భేదం తెలియని నేను ఇది ప్రశస్తమనీ అది త్యాజ్యమనీ పక్కన టిప్పణి కూడా రాశాను. బావ ఆ కాగితాన్ని చూసి పులకించిపోయాడు. ఉస్తాద్ తిప్పి తిప్పి చూసి, "దస్తూరి మంచిగున్నది సారూ" అని మాత్రం అన్నాడు.

ఇటలీవి రావడానికి ఆరు వారాలు పట్టింది. వస్తే, వాటిని ఇంజనుకు కలిపే గొట్టం కుదరలేదు. అది కుదిరేసరికి జెట్లు సరిపోవని పెద్దమనిషి సెలవిచ్చాడు. వానలు వెనకపట్టి, పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఎడమవైపు పెట్టిన చాయ గ్లాసును బావ చేయి తగిలి ఒలికించడం మొదలైంది. అక్క గుడ్డతో తుడిచేది. మేము జెట్ల సంగతిలో ఉండేవాళ్లం.

చివరకు పెద్దవి బిగించి, ఉస్తాద్ నడుపగా బావ పక్కన కూర్చుని బజారుకు బయలుదేరారు. నేను కాలినడకన వెంబడించాను. అందుకోవడం కష్టం కాలేదు. కూరగాయల అంగళ్ల ముందు కారు నాలుగుమార్లు దగ్గి నిలిచిపోయింది. టమాటలమ్మే ఆమె తలెత్తి, "ఏంది సారూ, మనిషి ఎర్రగ నిగనిగలాడుతున్నడు గని దమ్ము రోగమున్నట్టుంది. దవాఖానకు తీస్కపోరాదుండ్రి" అన్నది. ఫోను చేస్తే, మీ ఊరి పెట్రోలు నాణ్యమైనది కాదన్నాడు పెద్దమనిషి.

మరునాడు ఉస్తాద్ ఎవరినీ అడగకుండా తన లుంగీ మూట విప్పాడు. చిన్నవి బిగించి, ఒక రబ్బరు గొట్టం కొసను చెవిలో పెట్టుకొని, రెండో కొసను ఒక్కొక్కదాని మూతికి ఆనించి, అవి పీల్చే గాలి చప్పుడు సమానమయ్యేదాకా మరలు తిప్పాడు. "ఇనుండ్రి సారూ, రెండు ఒక్కతీరుగ బుసకొడుతున్నయి." బావ గొట్టం చెవికి ఆనించుకొని, కండ్లు మూసుకొని చాలాసేపు విన్నాడు. ఒక్క పూట పని.

అక్క కొత్త చీర కట్టుకొని, తలకు రుమాలు చుట్టుకొని ఎడమ సీటులో కూర్చున్నది. బావ నడిపాడు. కారు కిక్కురుమనకుండా గేటు దాటింది. ఎడమవైపునుంచి పాలబండి వచ్చింది. అక్క కేక వేసింది. పాలక్యానుకు బెత్తెడు దూరంలో కారు ఆగింది. "కండ్లు కనవడ్తలేవా సారూ?" అని పాలవాడు గద్దించి పోయాడు. ఊళ్లో ఎవరైనా ఎవరినైనా అనే మాటే. బావ ఇంజను ఆపాడు. తర్వాత దిగి, తాళంచెవి గేటు దగ్గర నిలబడిన ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

కారుకు సీట్లు రెండే. అక్క కూడా దిగింది. "మీరు పోయి రాండ్రి" అని భర్తను తన సీటులో కూర్చోబెట్టి, తలుపు మూసింది. కారు మెత్తగా సాగి ములుగు దారి పట్టింది. అక్క తల రుమాలు విప్పి మడతపెడుతూ నావైపు చూడకుండా, "గా కాయితం రాయనీకి ఎన్ని దినాలు పట్టెరా నీకు?" అని అడిగింది. పదిహేను రోజులన్నాను. "పదిహేను దినాలల్ల మేం ములుగుకు పదిహేను సార్లు పోయి వచ్చేటోళ్లం" అని లోపలికి పోయింది. నిదానించడమే వివేకమని ఎందరో పిల్లలకు పాఠం చెప్పినవాడిని నేను. కాలం ఒక్కనాడూ నా తరగతిలో కూర్చోలేదు.